కొత్తగా బొమ్మలు నేర్చుకునేవారికి క్రిటా ఎంతవరకు పనికొస్తుంది?

కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం నేర్చుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని. నేర్చుకునే దశలో సాఫ్ట్‌వేర్ మీద రూపాయి కూడా పెట్టనవసరం లేదని, ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. చాలాకాలంగా దీనిలోనే బొమ్మలు వేస్తున్నాను. బంధువుల పిల్లలకూ, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట నేర్చుకుంటున్న మిత్రులకూ దీన్నే ఇన్‌స్టాల్ చేసి చూపించాను. అయితే దీని మంచి చెడ్డలు తెలుసుకుని వాడితేనే చెయ్యి తిరుగుతుంది కనుక, ఆ వివరాలు రాయాలనిపించింది.

క్రిటా, ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే కె.డి.ఇ. అనే సముదాయంలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే దీని కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. 2013లో నెదర్లాండ్స్‌లో ఏర్పడిన క్రిటా ఫౌండేషన్ దీని అభివృద్ధికి అండగా ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి బ్రష్‌ల నిర్వహణ బాగా మెరుగుపడింది. ఇది విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలోనూ పనిచేస్తుంది, ఐప్యాడ్‌కు మాత్రం లేదు. ప్రొక్రియేట్ చక్కని సాఫ్ట్‌వేరే గాని దానికి ఐప్యాడ్ ఉండి తీరాలి. ఫొటోషాప్‌కు నెలనెలా చందా కట్టాలి. పరీక్షలొచ్చి రెండు నెలలు పెన్ను పక్కన పెట్టిన విద్యార్థికి ఆ రెండు నెలల చందా దండగే. ఇంట్లో ఇప్పటికే ఉన్న ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టి, మానుకున్నా మళ్లీ మొదలుపెట్టినా నష్టం లేకుండా సాగడం క్రిటాతోనే కుదురుతుంది.

మొదటిసారి తెరిచినప్పుడు మాత్రం కంగారు పుడుతుంది. నాలుగు వైపులా ప్యానెళ్లు, వందకు పైగా బ్రష్‌లు, అర్థం కాని పేర్లు కనబడేసరికి, బొమ్మ వేయాల్సిన సమయమంతా బ్రష్‌లు మార్చి చూడటంతోనే గడిచిపోతుంది. నేను ఎవరికి చూపించినా రెండు బ్రష్‌లే ఎంచి ఇస్తాను. రఫ్‌గా గీసుకోవడానికి పెన్సిల్-2, అవుట్‌లైన్‌కు ఇంక్-3 జీపెన్. ట్యాబ్ కీ నొక్కితే ప్యానెళ్లన్నీ మాయమై ఖాళీ కాన్వాస్ ఒక్కటే మిగులుతుంది. కాన్వాస్ మీద రైట్ క్లిక్ చేస్తే రంగుల చక్రం, దాని చుట్టూ మనం ఎంచుకున్న బ్రష్‌లు గుండ్రంగా వస్తాయి. ఈ చిన్న ఏర్పాటు వల్ల చూపు బొమ్మ మీద నుంచి పక్కకు పోదు. క్రిటాను తయారుచేసినవారు బొమ్మలు వేసేవారి అలవాట్లను దగ్గరగా చూశారని నాకు అనిపించింది ఇక్కడే.

అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడుకోవలసింది గీత గురించి. టూల్ ఆప్షన్స్‌లో బ్రష్ స్మూతింగ్ అని ఒక సదుపాయం ఉంది. అందులో నన్, బేసిక్, వెయిటెడ్, స్టెబిలైజర్ అని రకాలు ఉన్నాయి. స్టెబిలైజర్ పెట్టి వినాయకుడి తొండం గీసి చూడండి. పెన్ను ముందు పోతుంటే గీత కాస్త వెనకగా దాన్ని అనుసరిస్తూ వస్తుంది, చేతి వణుకంతా మధ్యలోనే కరిగిపోయి నున్నని వంపు మిగులుతుంది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కానీ కొత్తగా నేర్చుకునేవారు మొదటి కొన్ని నెలలు దీన్ని ముట్టుకోకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. పొడవైన వంపు గీయాలంటే మణికట్టు కదిపితే చాలదు, మోచేయి, భుజం కదలాలి. ఆ కదలిక ఒంటికి పట్టకముందే సాఫ్ట్‌వేర్ గీతను సవరించి ఇస్తే, లోపం ఎక్కడుందో నేర్చుకునేవారికి తెలియదు. బాపు గీత చూస్తూ పెరిగిన మనకు మంచి గీతంటే నున్నగా ఉండటం మాత్రమే కాదని వేరే చెప్పనక్కరలేదు. ఎక్కడ వేగం పుంజుకోవాలో, ఎక్కడ సన్నబడాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి వేసేదే మంచి గీత. అందువల్ల బేసిక్ మీదే ఉంచి, ఒకే వంపును ఒక్క ఊపులో పదేపదే గీయడం మంచి సాధన. చెయ్యి కుదురుకున్నాక, అవుట్‌లైన్ శుభ్రంగా దించేటప్పుడు స్టెబిలైజర్ నిజంగా ఉపకరిస్తుంది.

మౌస్‌తో బొమ్మలు నేర్చుకోవడం కష్టం కనుక పెన్నుతో గీసిన గీతను కంప్యూటర్‌కు పంపే పలకకు, అంటే పెన్ టాబ్లెట్‌కు మాత్రం డబ్బు పెట్టక తప్పదు. స్క్రీన్ లేని చిన్న టాబ్లెట్ చాలు. పెట్టె మీద 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఎంత నొక్కామో గుర్తించే మెట్లు) అని ఉన్నా 2048 అని ఉన్నా నేర్చుకునే చేతికి ఆ తేడా తెలియదు, దాని కోసం ఎక్కువ ధర పెట్టనవసరం లేదు. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉండటం మొదట్లో ఇబ్బంది పెట్టినా కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ఇక్కడ చాలామందిని తిప్పలుపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. టాబ్లెట్ నిష్పత్తి, మానిటర్ నిష్పత్తి ఒకటి కాకపోతే చేతితో సరిగ్గా గుండ్రంగా తిప్పిన సున్నా తెర మీద కోలగా పడుతుంది. ముఖం గీస్తే సాగినట్టు కనిపిస్తుంది, తప్పు తన చేతిలోనే ఉందనుకుని నేర్చుకునేవారు నీరసపడతారు. టాబ్లెట్ డ్రైవర్‌లో (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పనిచేసే భాగాన్ని తెర నిష్పత్తికి సరిపెట్టుకుంటే ఈ బాధ పోతుంది. విండోస్‌లో పెన్ను ఎంత నొక్కినా గీత మందం మారకపోతే, క్రిటా టాబ్లెట్ సెట్టింగ్స్‌లో పెన్ను సంకేతాలను అందుకునే విన్‌టాబ్, విండోస్ ఇంక్ అనే రెండు పద్ధతుల్లో ఒకదాని నుంచి మరోదానికి మార్చి, క్రిటాను మళ్లీ తెరిచి చూడాలి. పెన్ను నొక్కుడుకు గీత ఎంత స్పందించాలో నిర్ణయించే ప్రెషర్ కర్వ్ కూడా అక్కడే ఉంటుంది. చెయ్యి బరువుగా పడేవారు దాన్ని సర్దుకుంటే వేళ్ల నొప్పి తగ్గుతుంది.

సాధనకు తోడ్పడే సదుపాయాల్లో నాకు ఎక్కువ నచ్చింది ఎమ్ కీ. దాన్ని నొక్కగానే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, అంతవరకు కంటికి ఆనని వంకర కన్ను, పక్కకు జారిన దవడ వెంటనే బయటపడతాయి. పెర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనబడేలా గీయడం నేర్చుకునేవారికి, గీతలన్నీ దూరాన ఒకే బిందువు వైపు పోయేలా సాయపడే వానిషింగ్ పాయింట్ అసిస్టెంట్ ఉంది. మల్టీబ్రష్‌తో ఒక పక్క గీస్తే చుట్టూ అదే గీత పడుతుంది కనుక ముగ్గులు వేయడానికి పిల్లలు ముచ్చటపడతారు. డబ్ల్యూ కీ నొక్కితే కాన్వాస్ నలువైపులా అదే బొమ్మ అతుకు లేకుండా పరుచుకుంటుంది. పెడన అచ్చు కలంకారీ లాంటి పునరావృత డిజైన్లు చేయాలనుకునేవారికి ఇది బాగా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ మెమరీ తక్కువైతే లేయర్ల (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరల) విషయంలో జాగ్రత్త పడాలి. ఎ4 కాగితాన్ని 300 డి.పి.ఐ. (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర తెరిస్తే 2480 × 3508 పిక్సెళ్లవుతుంది. కాన్వాస్ నిండా రంగున్న ఒక్కో లేయర్‌కు దాదాపు 35 ఎం.బి. పడుతుంది. ఇరవై లేయర్లు పెట్టుకుంటే 4 జి.బి. యంత్రం మొరాయించడం సహజం. సాధన బొమ్మలకు ఇందులో సగం కొలతలు చాలు, లేయర్లు రఫ్‌కు ఒకటి, అవుట్‌లైన్‌కు ఒకటి, రంగులకు ఒకటి ఉంటే సరి. కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే పాత ఫైలు చెడకుండా వరుస సంఖ్యతో కొత్త ప్రతి తయారవుతుంది, దీన్ని తప్పక అలవాటు చేసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. పెద్ద బ్రష్‌తో వేగంగా పూస్తే పాత ల్యాప్‌టాప్‌లలో గీత ఆలస్యంగా పడుతుంది. అక్షరాల పనిముట్టు బలహీనం, 5.2 వెర్షన్‌లో కూడా అక్షరాలను కాన్వాస్ మీద నేరుగా కాకుండా వేరే కిటికీలో టైపు చేయాలి. మాన్యువల్ ఎంతో వివరంగా, ఓపికగా రాశారు గాని అది తెలుగులో లేదు, ఇంగ్లీషు అంతగా రాని పిల్లలకు పక్కన ఒకరు కూర్చుని చెప్పవలసి వస్తుంది. అన్నిటికీ మించి, ముఖం కొలతలు, వెలుగునీడలు, చూసింది చూసినట్టు గీయడం వంటివి క్రిటా నేర్పదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారయ్యేవారు కాగితం, పెన్సిల్ వదలకూడదు. రోజూ ఇంట్లో ఉన్న చెంబో, స్టూలో ఎదురుగా పెట్టుకుని కాగితం మీద గీసి, ఆ గీతకు రంగులు వేయడం మాత్రం క్రిటాలో చేయడం మంచి పద్ధతి.

క్రిటా డాట్ ఆర్గ్ అనే అధికారిక సైటు నుంచే డౌన్‌లోడ్ చేసుకోవాలి. స్టీమ్‌లోను, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోను ధర పెట్టి కనిపించేది కూడా ఇదే సాఫ్ట్‌వేర్. ఆ డబ్బు దీని అభివృద్ధికి వెళ్తుంది కనుక, సంపాదన మొదలయ్యాక అక్కడ కొంటే మంచిదే. నేర్చుకునేవారు ఉచిత ప్రతినే ఏ సంకోచం లేకుండా వాడుకోవచ్చు.