టీ కేకులోకి ఏ టీ పొడి? నా ఓటు అస్సాం సీటీసీకే

మసాలా టీ రుచితో లోఫ్ కేక్ (బ్రెడ్డులా పొడవాటి టిన్నులో చేసే కేకు) చేయాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది ఏ టీ పొడి వాడాలనే. వీడియోల్లో ఎక్కువగా ఎర్ల్ గ్రే చూపిస్తారు. మంచి టీ అంటే డార్జిలింగే కదా అని ఇంకొందరంటారు. నేను కూకట్‌పల్లిలో, మా ఇంట్లోనే ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, కేకులు చేసి తెలిసినవాళ్లకి ఇస్తుంటాను. ఇదే కేకుని రకరకాల టీ పొడులతో చేసి చూశాక చెప్తున్నాను: మనం రోజూ పొద్దున్నే టీ పెట్టుకునే అస్సాం సీటీసీని మించింది దీనికి లేదు.

సీటీసీ అంటే క్రష్, టేర్, కర్ల్. పళ్లున్న రోలర్ల మధ్య ఆకు నలిగి, చిరిగి, చిన్న గుళికల్లా చుట్టుకుంటుంది. ఈ యంత్రాన్ని 1930ల్లో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ రూపొందించాడు. ఆకు అంతగా చిరిగిపోవడం వల్లే రంగూ, స్ట్రాంగ్‌దనమూ పాలలోకి నిమిషాల్లో దిగుతాయి. కేకుకి కావలసిందీ అదే. పిండిలో పట్టే పాలు మహా అయితే అరకప్పు. టీ రుచంతా ఆ కాసిని పాలలోనే ఉండాలి. తర్వాత పడే వెన్న, చక్కెర, గుడ్లు, లవంగం అన్నీ కలిసి దాన్ని అణిచేస్తాయి. అన్నిటినీ తట్టుకుని నాలుక మీద నిలిచేది సీటీసీ ఒక్కటే.

డార్జిలింగ్‌ని నేను తక్కువ చేయడం లేదు. 2004లో మన దేశంలో మొదటి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దానికే వచ్చింది. కానీ ఆ పూల వాసన పాలు కలపకుండా తాగితేనే తెలుస్తుంది. యాలకులు, లవంగాలతో కేకులో వేస్తే ఏమైపోయిందో తెలియదు. అంత ఖరీదు పెట్టి కొన్నందుకు ప్రాణం ఉసూరుమంటుంది. నీలగిరి టీ కాస్త నయం. మసాలా బాగా తగ్గించి, నిమ్మ తొక్క తురిమి వేస్తే బావుంటుంది. ఎర్ల్ గ్రేలో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె వాసన ఉంటుంది కాబట్టి అది వేరే కేకు, దానికి మన మసాలా నప్పదు. వేడినీళ్లు పోస్తే టీ అయిపోయే ప్రీమిక్స్ ప్యాకెట్లు మాత్రం వద్దు. ఒక కంపెనీది తెచ్చి చేస్తే తీపి తప్ప టీ జాడే లేదు. అందులో ఉన్నది ఎక్కువగా చక్కెర, పాలపొడే మరి.

సీటీసీలోనూ చూసి కొనాలి. డస్ట్ కాకుండా లావు పలుకు ఉన్నది తీసుకోండి. డస్ట్ మామూలు వడపోతలోంచి జారిపోయి కేకులో ఇసకలా తగులుతుంది. ఇంట్లో డస్టే ఉంటే పల్చటి గుడ్డలో వడకట్టండి.

నా కొలతలు ఇవి. 200 మిల్లీలీటర్ల చిక్కటి పాలు కాచి, పొంగు రాబోతుండగా స్టవ్ ఆపి, మూడు టీస్పూన్ల పొడి వేసి మూత పెట్టాలి. ఐదు నిమిషాలు చాలు. టీకి మరిగించినట్టు మరిగిస్తే వగరు దిగుతుంది, చక్కెర ఎంత వేసినా అది పోదు. వడకట్టి, పూర్తిగా చల్లారాక 120 మిల్లీలీటర్లు కొలిచి వాడాలి. మైదా 190 గ్రాములు, వెన్న 115, చక్కెర 150, గుడ్లు రెండు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూను, చిటికెడు ఉప్పు. మసాలాకి పది యాలకులు, నాలుగు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క, అయిదారు మిరియాలు, అర టీస్పూను శొంఠి మెత్తగా పొడి కొట్టి జల్లించి మైదాలో కలపాలి. అల్లం వద్దు. పచ్చి అల్లం పాలని విరిచేస్తుంది, టీ పెట్టేవాళ్లందరికీ తెలిసిందే. శొంఠితో ఆ టెన్షన్ లేదు, ఘాటు కూడా కేకంతా సమంగా పడుతుంది.

8 బై 4 అంగుళాల టిన్నులో, ముందే వేడెక్కిన ఓటీజీలో 170 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు పెట్టాలి. టీ పాల వల్ల పిండి రంగే గోధుమరంగులో ఉంటుంది కాబట్టి పైన ఎర్రబడిందని చూసి తీసేయకండి, మధ్యలో పుల్ల గుచ్చి చూడండి. పైన నిలువునా చీలుతుంది. భయం లేదు, లోఫ్ కేకులన్నీ అంతే. పైపొర గట్టిపడ్డాక కూడా లోపలి పిండి పొంగుతూ ఉంటుంది.

వేడివేడిగా తింటే మసాలా ఒక్కటే తెలుస్తుంది. మర్నాటికి టీ పైకి వస్తుంది. మా అత్తయ్యగారికి కేకులంటే పెద్దగా పడదు. ఆవిడ కూడా మర్నాడు ఒక ముక్క తిని "టీ తాగినట్టే ఉందమ్మా, ఇంకోటి పెట్టు" అన్నారు.

సీటీసీతో ఉన్న లోటు రంగే. ముక్క కోస్తే మట్టి రంగులో, కంటికి ఏమంత ఇంపుగా ఉండదు. బర్త్‌డేలకి ఇచ్చేటట్టయితే పైన కాస్త చక్కెర పొడి చల్లుతాను. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు రంగుకే తగ్గించాను.

ఈ కేకు కోసమని కిలో ప్యాకెట్ కొననక్కర్లేదు. ప్యాకింగ్ తేదీ చూసి 100 గ్రాములది తెచ్చుకోండి. తెరిచాక గాజు సీసాలో పోసి మూత గట్టిగా బిగించండి. ఇంగువ డబ్బా పక్కన మాత్రం పెట్టకండి, టీ పొడి పక్క వాసనలు ఇట్టే పట్టేస్తుంది.