అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ఆస్తి పంపకం: కోర్టా, ఒప్పందమా, ఏది మేలు?

"నాన్న పోయాక అన్న ఇల్లంతా తనదే అంటున్నాడు. కేసు వేయమంటారా, కూర్చుని మాట్లాడుకోమంటారా?" ఆస్తి కాగితాల గురించి రాస్తుంటాను కాబట్టి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఎవరి వాటా ఎంత అన్న దాని మీద పెద్దగా సందేహాలు ఉండవు. నాన్న స్వార్జితమై, వీలునామా లేకపోతే హిందూ కుటుంబాల్లో అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు, నాయనమ్మ ఉంటే ఆమెకూ సమానం. పిత్రార్జితంలో ఆడపిల్లకు పుట్టుకతోనే హక్కు ఉందని, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

నా లెక్కలో అసలు చూడాల్సింది వేరే ఉంది. ఆ ఆస్తి నేల మీద ముక్కలవుతుందా, అవదా?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వైపు 200 గజాల ఇల్లు అనుకోండి. ముందు 30 అడుగులు, లోతు 60. వాటాదారులు ముగ్గురు. నిలువుగా కోస్తే ఒక్కొక్కరికి పదడుగుల వెడల్పు పట్టీ వస్తుంది, సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలితే అందులో గది కూడా సరిగా పడదు. అడ్డంగా కోస్తే రోడ్డు వైపు రెండు షట్టర్లు ఒకరికి పోతాయి, వెనకాల వాళ్లకు దారే ఉండదు. ఇలాంటి ఇంటికి పార్టిషన్ సూట్ (పంపకం దావా) వేసి గెలిస్తే మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అంటే తొలి తీర్పు. ఎవరికి ఎంత వాటా అన్నదే అందులో ఉంటుంది. ఆ తర్వాత కోర్టు నియమించిన లాయర్, అంటే అడ్వకేట్ కమిషనర్, టేపు పట్టుకుని వస్తారు, కొలుస్తారు, రిపోర్టు ఇస్తారు. దాని మీద అభ్యంతరాలు, వాదనలు నడుస్తాయి. విభజన కుదరదని తేలి, సగం లేదా అంతకుమించి వాటా ఉన్నవాళ్లు అడిగితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. అమ్మమని అడిగినవాళ్ల వాటాను విలువ కట్టి కొనుక్కునే అవకాశం మిగతావాళ్లకు ఉంటుంది. అంటే ఏళ్ల తరబడి తిరిగాక చేరేది కూడా ఇక్కడికే: ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బివ్వడం, లేదా అమ్మి పంచుకోవడం. అదే పని ఈరోజు ఇంట్లో కూర్చుని ఒప్పుకోవచ్చు కదా.

ఈ ఊళ్లోనే నిజాం కాలం నాటి నవాబు ఖుర్షీద్ జా పైగా వారసుల ఆస్తి పంపకం దావా ఉంది, కేసు నంబర్ సీఎస్ 14/1958. ప్రిలిమినరీ డిక్రీ 1963లోనే వచ్చింది. హైదర్‌నగర్ భూముల మీద దాని తాలూకు గొడవ 2023లో కూడా సుప్రీంకోర్టు ముందుంది. మామూలు ఇంటి కేసు అంత దూరం పోదు గానీ, డిక్రీ చేతికొచ్చినంత మాత్రాన తాళం చేతికి రాదన్నది మాత్రం అందరికీ ఒకటే.

హైదరాబాద్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. ముక్కలు కాని స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తే తలా ఒక ఫ్లాట్ తీసుకోవచ్చు. కేసు నడుస్తోందంటే మాత్రం మంచి బిల్డర్ గుమ్మం తొక్కడు, బ్యాంకు లోన్ ఇవ్వదు.

అందుకే ముక్కలు కాని ఇంటికి నా ఓటు రిజిస్టర్డ్ భాగపంపిణీ పత్రానికే. కుటుంబ సభ్యుల మధ్య దీనికి స్టాంపు డ్యూటీ అమ్మకం దస్తావేజు కంటే చాలా తక్కువ. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) కనపడుతుంది, మ్యుటేషన్‌కి (రికార్డుల్లో పేరు మార్పు) ఇబ్బంది ఉండదు.

అయితే ఆడపిల్లల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. "కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమల కింద పెట్టాం, ఇంకేం కావాలి" అని రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం) మీద సంతకం పెట్టించుకోవడం ఒప్పందం కాదు. కట్నం ఇచ్చినంత మాత్రాన చెల్లెలి వాటా పోదు. తోబుట్టువు కాగితాలు దాచినా, అమ్మేయడానికి బేరం పెట్టినా, అద్దెలు ఒక్కడే తిన్నా మొహమాటపడకుండా కోర్టుకు వెళ్లండి. సూట్‌తో పాటు ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) అడగండి. కేసు నడుస్తుండగా కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడాల్సిందే. నగర శివార్లలో ఎకరాల భూమి ఉండి, హద్దులు వేసి పంచడానికి వీలుంటే కూడా కోర్టు దారి అంత చెడ్డదేం కాదు.

ఇప్పటికే కోర్టులో ఉన్నవాళ్లు లోక్ అదాలత్ (రాజీతో కేసులు తేల్చే వేదిక) గురించి లాయర్‌ని అడగండి. రాజీ కుదిరితే వచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కేసు వేయకముందే లీగల్ సర్వీసెస్ అథారిటీకి అర్జీ పెట్టుకునే వీలు కూడా ఉంది.

పెద్దమనుషుల్లో తెల్లకాగితం మీద రాసుకునే పారీఖత్తు (పంపకం కాగితం) చాలదు. కొత్తగా హక్కులు పంచే కాగితం రిజిస్టర్ కాకపోతే రేపు దాన్ని హక్కుకు రుజువుగా చూపలేరు.

ఒప్పందానికే వెళ్తే డబ్బు ఏ తేదీకి, ఎవరి ఖాతాలో పడాలో పత్రంలోనే రాయించండి. అమ్మ కూడా వాటాదారే. సంతకం చేయించి పక్కన కూర్చోబెట్టకుండా, ఆమె వాటా ఏదో, ఏ పోర్షన్‌లో ఉంటారో, అద్దె ఎవరికి వెళ్తుందో విడిగా రాయించండి.