హ్యూస్టన్ పగడాల నీళ్ళకు భీమవరంలో పరీక్ష

భీమవరంలో వనామి రకం రొయ్యలు పెంచే రైతుల కోసం నడిచే ఒక నీటి పరీక్షల ల్యాబు గురించి, రొయ్యల చెరువు లేని నేను ఈ సమీక్ష రాస్తున్నాను. నాకున్నది హ్యూస్టన్‌లోని మా ఇంట్లో 250 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం. అందులో నాలుగేళ్ళుగా పెంచుతున్న అక్రోపొరా, మాంటిపొరా అనే గట్టి పగడాలు గత అక్టోబరు నుంచి రంగు వెలిసిపోతూ వచ్చాయి. మొదళ్ళ దగ్గర కండ ఊడి తెల్లని అస్థిపంజరం బయటపడింది. రిఫ్రాక్టోమీటరులో ఉప్పు ఎప్పుడు చూసినా వెయ్యికి 35 పాళ్ళు, అంటే సముద్రంలో ఉండేంతే కనిపించేది కాబట్టి, నీటిలో లోపం లేదనుకుని దీపాలనూ నీటి ప్రవాహాన్నీ మారుస్తూ మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆల్కలినిటీ, అంటే నీటిలోని కార్బొనేట్ల పాలు, కొలిచే కిట్ అయిపోతే కొత్తది కొనడం కూడా వాయిదా వేశాను. సంక్రాంతికి మొగల్తూరు వచ్చేటప్పుడు అర లీటరు అక్వేరియం నీళ్ళనూ, ఆ రిఫ్రాక్టోమీటరునూ పెట్టెలో పెట్టుకున్నాను. చెరువు నీళ్ళు సీసాలో పట్టుకుని తరచూ ల్యాబుకు వెళ్ళే మా బాబాయి నన్నూ వెంట తీసుకెళ్ళారు.

కెమిస్టు నా సీసా చేతిలోకి తీసుకోకముందే మీటరు అడిగాడు. "దీన్ని సున్నాకు సరిచేసి ఎన్నాళ్ళయిందండీ?" అంటూ అద్దం మీద డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి నాకే చూపించాడు. సున్నా దగ్గర ఉండాల్సిన గీత 3 దగ్గర నిలిచింది. నేను 35 అనుకుంటున్న నీళ్ళు నిజానికి 32. ఉప్పు తగ్గితే దానితోపాటు కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ అన్నీ అదే పాళ్ళలో తగ్గుతాయి కనుక, మిగిలిన పరీక్షల ఫలితం ఎలా ఉంటుందో నాకు అక్కడే అర్థమయింది.

ఈ ల్యాబులో నాకు అన్నిటికంటే నచ్చినది ఆల్కలినిటీ పరీక్ష. బ్యూరెట్‌తో ఆమ్లం చుక్కచుక్కగా వదులుతూ రెండుసార్లు చేశారు; రెండుసార్లూ 108 పీపీఎం (పది లక్షలకు 108 పాళ్ళు) వచ్చింది. దీన్ని 17.9తో భాగిస్తే అక్వేరియం వాళ్ళు వాడే డీకేహెచ్ కొలతలో 6 అవుతుంది. గట్టి పగడాలకు 8 ప్రాంతంలో నిలకడగా ఉండాలి. పగడం నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేటునూ కలిపి అస్థిపంజరం కట్టుకుంటుంది. ఆ క్రమంలో ఆల్కలినిటీ 1 డీకేహెచ్ తగ్గేసరికి కాల్షియం దాదాపు 7 పీపీఎం మాత్రమే తగ్గుతుంది. 400కు పైగా ఉండే కాల్షియంలో 7 తగ్గితే కిట్‌లో తెలియదు, 8లో 1 తగ్గితే పగడానికి వెంటనే తెలుస్తుంది. రొయ్య గుల్ల విడిచి కొత్త గుల్ల గట్టిపడే రోజుల్లో మన రైతులు మినరల్స్ కోసం, ఆల్కలినిటీ కోసం పడే తపన వెనుక ఉన్నదీ ఈ రసాయనమే. అందుకే అక్కడ నేను కొత్తగా వివరించవలసినది ఏమీ లేకపోయింది.

లోపాలూ ఉన్నాయి. రిపోర్టులో కాల్షియం, మెగ్నీషియం విలువలను కాల్షియం కార్బొనేటు లెక్కలో హార్డ్‌నెస్‌గా ఇస్తారు, మొదటిదాన్ని 0.4తో, రెండోదాన్ని 0.243తో హెచ్చించుకుంటే గానీ మనకు పనికొచ్చే అంకె రాదు. నాకు 950, 4,950 వచ్చాయి, అంటే కాల్షియం 380, మెగ్నీషియం 1,203. పక్కన అచ్చువేసిన హద్దులు వనామివి కావడంతో, నా 108 ఎదురుగా "ఫరవాలేదు" అనే ఉంది. ఫాస్ఫేట్ "లేదు" అని రాశారు. పగడాల విషయంలో 0.03 పీపీఎంకూ 0.1కూ మధ్య తేడా చూడాలి, అంత సన్నగా కొలిచే పరికరం అక్కడ లేదు. ఆ ఒక్క పరీక్షకు ఈ ల్యాబును నమ్ముకోకూడదు. ఉదయం పూట రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ జబ్బు పరీక్షలకు వచ్చినవారికే ముందు వరుస. అది న్యాయమే, వారి పంట మొత్తం దానిమీద ఉంటుంది. నాకు రెండు గంటలు పట్టింది. మూడు వందల రూపాయలు తీసుకున్నారు.

ఇది చదివి ఇక్కడ పగడాల అక్వేరియం పెట్టాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరు అమ్మజూపినా కొనకండి. నావి అమెరికాలో అక్వేరియంలలోనే పెంచి విరిచిన ముక్కలు.

తిరిగి వెళ్ళాక, ఆవిరైన నీటికి బదులు మంచినీళ్ళు పోయకుండా 35 పాళ్ళ ఉప్పునీరు పోస్తూ, రోజుల తరబడి నెమ్మదిగా ఉప్పు పెంచాను. దానితో ఆల్కలినిటీ 6.6 దాకా వచ్చింది. మిగతాది వంటసోడాతో సరిపెట్టాను: 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది, రోజుకు అంతకు మించి పెంచకూడదు. ఫిబ్రవరి చివరికి కండ ఊడటం ఆగింది. మాంటిపొరా అంచుల చుట్టూ కొత్త పెరుగుదల లేత గీతగా కనిపిస్తోంది. రెండు అక్రోపొరా కొమ్మలు మాత్రం పోయాయి.

సీసాలో నీళ్ళు తీసుకెళ్ళేవారు గాలి మిగలకుండా అంచుదాకా నింపి బిగించండి, మీ రిఫ్రాక్టోమీటరును కూడా తప్పక వెంట తీసుకెళ్ళండి. మధ్యాహ్నం మూడు దాటాక వెళితే రద్దీ తక్కువ.