గ్వాం, సైపాన్ ఈటీఏ: రుసుము లేదు, మెలికలు మాత్రం ఉన్నాయి

పసిఫిక్‌లోని అమెరికా దీవులు గ్వాం, సైపాన్‌లకు వీసా లేకుండా వెళ్లేందుకు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతే ఈటీఏ. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం వర్తించదు. సింగపూర్‌లో పీఆర్ ఉన్నా, ఆస్ట్రేలియాలో పదేళ్లుగా కాపురమున్నా అంతే. చూసేది పౌరసత్వమే. భర్తది సింగపూర్ పాస్‌పోర్టు, భార్యది భారత పాస్‌పోర్టు అయితే ఆయన ఈటీఏతో వెళ్లొచ్చు, ఆవిడకు మాత్రం అమెరికా వీసా కావాలి. టిక్కెట్లు కొనకముందే ఇది తేల్చుకోవాలి.

గ్వాం, ఉత్తర మరియానా దీవులకు (సైపాన్, టీనియన్, రోటా) వీసా లేకుండా 45 రోజుల వరకు వెళ్లనిచ్చే ఏర్పాటు 2009 నుంచీ ఉంది. మలేషియా, సింగపూర్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, జపాన్, దక్షిణ కొరియా, హాంకాంగ్ వంటి చోట్ల పాస్‌పోర్టులకు ఇది చెల్లుతుంది. ఇదివరకు ఐ-736 అనే కాగితం నింపి ఇచ్చేవాళ్లు. 2024 నవంబరు చివరి నుంచి ఆన్‌లైన్ ఈటీఏ తప్పనిసరి అయింది.

దీనికి రుసుము లేదు. కార్డు నంబరు అడిగే సైటు కనిపిస్తే అది దళారిదని తెలుసుకుని బయటికి వచ్చేయండి. అసలు దరఖాస్తు అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ సైటులోనే, '.గవ్'తో ముగిసే చిరునామాలో ఉంటుంది. ప్రయాణానికి కనీసం 5 రోజుల ముందు పంపాలి. విమానాశ్రయంలో కూర్చుని ఫోన్‌లో నింపేద్దాం అనుకుంటే కుదరదు. చంటిపిల్లతో సహా మనిషికో దరఖాస్తు.

ఎక్కువగా తేడా వచ్చేది పేరు దగ్గరే. మన పేర్లలో ఇంటిపేరు ఎక్కడ మొదలవుతుందో మనకే ఒక్కోసారి సందేహం, ఇక మలేషియా తెలుగువాళ్ల పాస్‌పోర్టులో తండ్రి పేరూ కలిసి వస్తుంది. అలవాటుగా రాసే పేరు పక్కన పెట్టి, పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల్లో ఏముందో దానితో సరిచూసుకోండి. నంబరులో సున్నాకీ 'ఓ' అక్షరానికీ తికమక పడితే అనుమతి వచ్చినా చెక్-ఇన్ కౌంటర్‌లో పాస్‌పోర్టుతో కలవదు.

45 రోజుల్లోపు తిరిగి వచ్చే ఖరారైన టిక్కెట్టు ఉండాలి. గ్వాంలో కొన్నాళ్లు, సైపాన్‌లో కొన్నాళ్లు ఉన్నా మొత్తం కలిపే 45. గడువు పొడిగించరు, అక్కడికి వెళ్లాక వేరే వీసాకు మారనివ్వరు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు దారి ఎంపికలో జరుగుతుంది. ఈటీఏ ఈ దీవులకే పరిమితం, హవాయికి చెల్లదు. చవగ్గా వచ్చిందని హవాయిలోని హొనొలులు మీదుగా టిక్కెట్టు కొంటే ఎస్టా (వీసా లేకుండా అమెరికా వెళ్లేందుకు కొన్ని దేశాలవాళ్లకు ఇచ్చే ఆన్‌లైన్ అనుమతి) గానీ వీసా గానీ కావాల్సిందే. మనీలా, టోక్యో, సియోల్ వైపు నుంచి వెళ్తే ఈ బెడద ఉండదు. సింగపూర్, ఆస్ట్రేలియా, బ్రిటన్ పౌరులు ఎస్టాకు కూడా అర్హులే. దాని రుసుము సుమారు 40 డాలర్లు, 90 రోజులు ఉండొచ్చు, హవాయి కూడా చూడొచ్చు. దీవులు మాత్రమే చూసేవాళ్లకు ఆ డబ్బు దండగ. మలేషియావాళ్లకు ఎస్టా వెసులుబాటు లేదు కాబట్టి ఈ ఉచిత ఈటీఏ నిజంగా విలువైనది వాళ్లకే.

తిరస్కరిస్తే అప్పీలు లేదు, వీసాకు వెళ్లాల్సిందే. అనుమతి వచ్చాక కూడా దిగినచోట అధికారి ఒప్పుకోవాలి. పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నా, పేరు మారినా పాత అనుమతి పనిచేయదు, మళ్లీ మొదటి నుంచి నింపాలి.