ఏ తాబేలు మేలు? ముందు మీ పెరట్లో మట్టి చూసుకోండి

మేము ఎడారి తాబేలును దత్తత తెచ్చుకున్నామని తెలిసినప్పటి నుంచి అరిజోనాలో, మా ఫీనిక్స్ చుట్టుపక్కల మనవాళ్లు ఒకే మాట అడుగుతున్నారు: "సల్కాటా తాబేలు కొనాలా, రష్యన్ తాబేలు కొనాలా, మీలాగా దత్తత తీసుకోవాలా?" చాండ్లర్‌లో సొంత ఇల్లున్న వాళ్లూ అడుగుతున్నారు, టెంపీలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే వాళ్లూ అడుగుతున్నారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేను.

ధర, తిండి, చూడ్డానికి ఎలా ఉంటుంది అన్నవి తర్వాత. నా లెక్కలో మొదట చూసుకోవాల్సింది మట్టి. తాబేలు తవ్వుకోవడానికి మీకు నేల ఉందా? ఆ నేల ఇంకో ముప్పై నలభై ఏళ్లు మీ చేతిలో ఉంటుందా? మిగతావన్నీ డబ్బుతోనో ఓపికతోనో సర్దుకోవచ్చు, ఇది సర్దుకోలేం.

సల్కాటాను పిల్లగా చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. రెండంగుళాలుంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. మా అమ్మాయి కోసం మేమూ కొనబోయి ఆగాం. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ దాని సొంత ప్రాంతం. గాలాపగోస్, అల్డాబ్రా దీవుల తాబేళ్ల తర్వాత ప్రపంచంలో అంత పెద్ద నేల తాబేలు ఇదే. మగవి 45 కిలోలు దాటడం మామూలే. మా వీధి చివర ఇంట్లో ఒకటి ప్రహరీ గోడ పునాది కిందుగా తవ్వుకుంటూ పక్కింట్లో తేలింది. పైగా ఇది చలికాలంలో నిద్రపోయే జాతి కాదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి బాగా దిగుతుంది కాబట్టి దానికి పెరట్లో వెచ్చని గది కట్టి, హీటర్ పెట్టాలి. పెంచలేక రెస్క్యూ కేంద్రాలకు ఇచ్చేసిన సల్కాటాలు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. మీకు నిజంగా అర ఎకరం స్థలం ఉండి, అదే కావాలనుకుంటే పిల్లను కొనకండి, అక్కడి నుంచి పెద్దదాన్ని తెచ్చుకోండి.

రష్యన్ తాబేలు పెద్దదైనా ఆరు నుంచి ఎనిమిది అంగుళాలే. మధ్య ఆసియా గడ్డి మైదానాల జీవి, గట్టి ప్రాణం. 1968 సెప్టెంబర్‌లో సోవియట్ నౌక జోండ్-5లో చంద్రుణ్ని చుట్టి ప్రాణాలతో తిరిగొచ్చినవి ఈ జాతివే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఏదో ఒకటి పెంచి తీరాలంటే ఇదే చెబుతాను. కానీ గాజు తొట్టెలో పెడితే కుదరదు. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల చెక్క పెట్టె కావాలి, అంటే క్వీన్ సైజు మంచం పట్టే చోటు. అందులో అది పూర్తిగా దూరిపోయేంత లోతున మట్టి పోయాలి. ఒక మూల 35 డిగ్రీల వేడి తగలాలి, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ బల్బు ఉండాలి. ఆ బల్బు వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలలకు యూవీబీ తగ్గిపోతుంది, కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు మార్చేయాలి. బాల్కనీలో వదలొచ్చా అని అడుగుతుంటారు. జూన్‌లో ఇక్కడి కాంక్రీటు మీద మన కాళ్లే ఆనవు, తాబేలు చచ్చిపోతుంది.

హెర్మన్, గ్రీక్ తాబేళ్లకూ దాదాపు ఇదే ఏర్పాటు. రెడ్‌ఫుట్ తాబేలుకు తేమ బాగా ఉండాలి, ఫీనిక్స్ పొడి గాలిలో దాని జోలికి వెళ్లకండి.

ఇక మాది. సొనోరన్ ఎడారి తాబేలు ఈ నేలలోనే పుట్టింది, ఇక్కడి ఎండకూ చలికీ అలవాటుపడ్డ ప్రాణి. అడవి నుంచి పట్టి తేవడం నేరం. రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన అరిజోనా గేమ్ అండ్ ఫిష్ డిపార్ట్‌మెంట్ ద్వారా దత్తత తీసుకోవాలి. పెరడు, బొరియ సిద్ధంగా ఉన్నాయని చూశాకే ఇస్తారు. సుమారు అక్టోబర్ నుంచి మార్చి దాకా బొరియలో నిద్రపోతుంది. మనలాంటి వాళ్లకు ఇదెంత మేలో మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తెలిసింది. మేము లేని నెల రోజులూ అది నిద్రలోనే ఉంది. వాన పడితే బొరియలోకి నీళ్లు చేరాయేమో చూడమని మాత్రం పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లాం. మండే జూన్‌లోనూ ఎక్కువగా లోపలే ఉంటుంది, జూలైలో మాన్సూన్ వానలు మొదలయ్యాక హుషారుగా తిరుగుతుంది. గడ్డి, మందార ఆకులు, పూలు, నాగజెముడు రెమ్మలు దాని తిండి.

ఇబ్బంది కూడా చెప్పాలి. దీన్ని రాష్ట్రం దాటించకూడదు. రేపు ఉద్యోగం మారి డాలస్ వెళ్లాల్సి వస్తే తాబేలును తిరిగి అప్పగించి వెళ్లాల్సిందే. ఎక్కడ స్థిరపడతామో ఇంకా తేలని వాళ్లు ఈ ఒక్క కారణానికైనా ఆగడం మంచిది. విసుగొచ్చి ఎడారిలో వదిలేయడం అసలు చేయొద్దు, ఇళ్లలో పెరిగినవాటి నుంచి అడవి తాబేళ్లకు శ్వాసకోశ జబ్బులు సోకుతాయి.

ఇండియాలో అమ్మానాన్నల ఇంట్లో నక్షత్ర తాబేలును పెంచొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు. శ్రీకూర్మం గుడిలో వాటిని చూసి ముచ్చటపడి పెరిగిన వాళ్లం, నిజమే. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని గట్టి రక్షణ ఉన్న ఒకటో షెడ్యూల్‌లో ఉంచింది, ఇంట్లో పెట్టుకోవడం నేరం.

దత్తతకు దరఖాస్తు పెట్టేవాళ్లు ముందు పెరడంతా ఒకసారి తిరిగి చూడండి. స్విమ్మింగ్ పూల్ ఉంటే చుట్టూ కంచె వేయించండి, తాబేలు ఈదలేదు. గోడ వెంట గన్నేరు చెట్లుంటే వేళ్లతో సహా తీయించండి, రాలిన ఆకు తిన్నా విషమే. మేము మూడు చెట్లు తీయించి, ఆ చోటే మందార నాటాం.