మాలిన్ పరీక్ష పెట్టె: బరంపురం బడుల్లో ఎంతవరకు పనికొస్తుంది?

"మీవాడికి ఒకసారి ఐక్యూ టెస్టు చేయించండి" అని బడిలో చెప్తారు. దక్షిణ ఒడిశాలో బరంపురం అయినా, పర్లాకిమిడి, రాయగడ అయినా, ఆ తర్వాత సైకాలజిస్టు బల్ల మీదికి వచ్చే పెట్టె చాలాచోట్ల మిసిక్. పూర్తి పేరు మాలిన్స్ ఇంటెలిజెన్స్ స్కేల్ ఫర్ ఇండియన్ చిల్డ్రన్. అమెరికాలో వెక్స్లర్ పిల్లల కోసం చేసిన పరీక్షను ఆర్థర్ మాలిన్ నాగపూర్‌లో మన దేశపు పిల్లలకు తగ్గట్టు మార్చారు. మాన్యువల్ 1969లో వచ్చింది. ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల పదకొండు నెలల దాకా వయసున్న పిల్లలకు పెట్టవచ్చు.

ముందే చెప్పేస్తాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లల విషయంలో ఈ పెట్టెలోని చేతిపనుల భాగం (దిమ్మలు, బొమ్మలు, గీతలతో చేసే పరీక్షలు) ఇప్పటికీ మంచి పనిముట్టే. మాటల భాగాన్ని ఏ భాషలో పెట్టాలో తేల్చుకోకుండా తెరవకూడదు. చివర్లో వచ్చే ఒక్క అంకెను మాత్రమే రాసిచ్చే రిపోర్టుతో ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

పెట్టెలో మొత్తం పదకొండు ఉపపరీక్షలు ఉంటాయి. మాటలవి ఆరు: సమాచారం, అవగాహన, లెక్కలు, పోలికలు, పదాల అర్థాలు, అంకెలు విని తిరిగి చెప్పడం. చేతిపనులవి అయిదు: బొమ్మలో లేనిదేమిటో చెప్పడం, రంగు దిమ్మలతో నమూనా పేర్చడం, ముక్కలు కలిపి బొమ్మ చేయడం, గుర్తులు నింపడం, చిక్కుదారుల్లో దారి గీయడం. ప్రశ్నలు ఇక్కడ రాయం. ఒకసారి బయటపడితే ట్యూషన్లలో బట్టీ పట్టించేస్తారు, అప్పుడు పెట్టె పెట్టెగానే మిగులుతుంది. స్టాప్‌వాచ్ విడిగా కొనుక్కోవాలి. శబ్దం చేసేది వద్దు, ఆ టిక్కుటిక్కు వింటే పిల్లలు కంగారు పడతారు. చిక్కుదారుల కాగితాలు అయిపోతే జిరాక్స్ తీస్తుంటారు. కాపీలో గీతలు మసకబారినా, సైజు కుంచించుకుపోయినా పెన్సిలు గోడకు తగలడం ఎక్కువవుతుంది, ఆ తప్పులన్నీ పిల్ల ఖాతాలో పడతాయి. ముక్కలు కలిపే డబ్బాల్లో ఒక్క ముక్క పోయినా ఆ బొమ్మకు స్కోరు వేయకూడదు. అట్టముక్క కత్తిరించి పెట్టి సరిపెట్టేవాళ్లున్నారు, అది తప్పు.

ఒక్కరికి పూర్తిగా పెట్టడానికి రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. స్కోరింగ్‌కి, రాతకి ఇంకో గంట. అంటే ఒక సైకాలజిస్టు రోజుకు ఇద్దరిని నిదానంగా చూడగలరు, మహా అయితే ముగ్గురిని. "మీ బడిలో ఒక్క రోజులో నలభైమందికి ఐక్యూ తీసిస్తాం" అని ఎవరైనా వస్తే, ఆ పూట జరిగేది వడపోత మాత్రమేనని హెడ్‌మాస్టర్లు గ్రహించాలి. వడపోత మంచిదే, ఎవరిని వివరంగా చూడాలో తెలుస్తుంది. దాన్నే ఐక్యూ రిపోర్టని చేతిలో పెడితే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇక భాష. మన వైపు పిల్లలకు అమ్మ తిట్లు తెలుగులో, ఎక్కాలు ఒడియాలో, ఫోన్ నెంబర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఈ మూడింట్లో ఏది ఎక్కడ బలంగా ఉందో తెలుసుకోకుండా మాటల భాగం మొదలుపెడితే కొలిచేది తెలివిని కాదు, ఆ భాషతో ఉన్న పరిచయాన్ని. అంకెల పరీక్షనే చూడండి. సెకనుకో అంకె చొప్పున చదివి తిరిగి చెప్పమనాలి. తెలుగులో ఒకటి నుంచి తొమ్మిది దాకా పలికితే మొత్తం 23 అక్షరాలు: ఎనిమిదికి నాలుగు, ఒకటికీ నాలుగుకూ తొమ్మిదికీ మూడేసి, మిగతావాటికి రెండేసి. ఒడియాలో ఏక, దుయి, తిని అంటూ ప్రతి అంకెకీ రెండే, మొత్తం 18. ఇంగ్లీషులో సెవెన్ ఒక్కటే రెండు, మిగతావన్నీ ఒకటేసి, మొత్తం 10. మాట పొడుగైనకొద్దీ మనసులో తిప్పుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది, గుర్తుండే అంకెల సంఖ్య తగ్గుతుంది. మానసిక శాస్త్రంలో ఇది బాగా స్థిరపడిన విషయం. అందుకే ఒకే పిల్ల తెలుగులో అయిదు అంకెలు చెప్పి, ఇంగ్లీషులో ఆరు చెప్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. జ్ఞాపకశక్తి తక్కువని రాసేముందు ఏ భాషలో అడిగారో చూడండి.

తేల్చుకునే పద్ధతి తేలికే. పరీక్షకు ముందు పదిహేను చింతపిక్కలు బల్ల మీద పోసి లెక్కపెట్టమనండి. ఏ భాషా సూచించకండి. నోటి నుంచి తనంతట తాను వచ్చిన భాషలోనే అంకెలు, లెక్కల ఉపపరీక్షలు పెట్టండి. వరసగా చెప్పడం ఒక భాషలో, వెనక్కి చెప్పడం ఇంకో భాషలో పెట్టకండి. పదాల అర్థాలకూ పోలికలకూ జవాబు ఏ భాషలో వచ్చినా స్వీకరించాలి, అన్నది అన్నట్టు రాసుకోవాలి. అనువాదం ముందే కాగితం మీద సిద్ధంగా ఉండాలి, ఇంకొకరి చేత వెనక్కి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకోవాలి. క్లాస్ టీచర్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పటికప్పుడు తర్జుమా చేయించుకోవడం మన వైపు మామూలైపోయింది. పిల్లల మీద ప్రేమకొద్దీ టీచరు ప్రశ్నలోనే సగం జవాబు ఇచ్చేస్తారు. ఇంకోచోట విసుగుతో ప్రశ్నను సగానికి కోసేస్తారు. రెండూ స్కోరును పాడుచేస్తాయి. పరీక్షంతా నియమం ప్రకారం ముగిశాక, తప్పిన ప్రశ్నల్ని రెండో భాషలో మళ్లీ అడగవచ్చు. అప్పుడు చెప్పగలిగినవి విడిగా రాయాలి, స్కోరులో కలపకూడదు. రిపోర్టులో ఆ నాలుగు వాక్యాలే ఒక్కోసారి అన్నిటికంటే విలువైనవి.

స్కోరు కట్టే పద్ధతిలో రెండు బలహీనతలున్నాయి. మొదటిది నార్మ్స్ వయసు, అంటే పిల్ల స్కోరును పోల్చి చూసే పట్టికలది. పట్టికలు అయిదు దశాబ్దాలకు పైగా పాతవి. తరం మారినకొద్దీ ఐక్యూ పరీక్షల్లో స్కోర్లు పెరుగుతూ రావడాన్ని ఫ్లిన్ ప్రభావం అంటారు. అమెరికాలో అది దశాబ్దానికి సుమారు మూడు పాయింట్లని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించారు. మన దగ్గర అదే వేగమని అనుకోనక్కర్లేదు, కానీ పాత పట్టికతో పోలిస్తే నేటి పిల్లలు ఉన్నదానికంటే పైన కనిపిస్తారు. రెండోది సగటు. వెక్స్లర్ పరీక్షల్లో ఉపపరీక్షల స్కోర్లు కూడి, ఆ మొత్తానికి వేరే పట్టికలోంచి ఐక్యూ తీస్తారు. మిసిక్‌లో ప్రతి ఉపపరీక్షకూ ఒక టెస్ట్ కోషెంట్ (ఆ వయసు పిల్లల సగటును 100గా పెట్టుకుని ఇచ్చే అంకె) వస్తుంది. మాటల భాగానికీ చేతిపనుల భాగానికీ వాటి సగటు తీసి, ఆ రెండూ కలిపి సగం చేస్తే ఐక్యూ. ఒక ఉపపరీక్షలో 70 రావడం ఎంత అరుదో, అన్నిట్లోనూ కలిపి సగటు 70 రావడం అంతకంటే చాలా అరుదు. అంటే సగటు తీసే పద్ధతి అందరినీ 100 వైపు లాగుతుంది. బాగా వెనకబడ్డ పిల్ల విషయంలో ఈ రెండూ ఒకే దిక్కుకు పనిచేసి స్కోరును పైకి నెడతాయి. కాబట్టి 72, 74 వచ్చిందని "మేధో వైకల్యం లేదు" అని కొట్టిపారేయకండి. తల్లితో మాట్లాడి వైన్‌ల్యాండ్ (రోజువారీ పనులు పిల్ల ఎంతవరకు చేసుకుంటుందో చూసే స్కేలు) పెట్టి చూడాలి.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఉదాహరణకు మాటల భాగంలో సమాచారం 78, అవగాహన 85, లెక్కలు 96, పోలికలు 94, పదాలు 74, అంకెలు 89 వచ్చాయనుకోండి. మొత్తం 516, సగటు 86. చేతిపనుల్లో 104, 112, 108, 92, 104. మొత్తం 520, సగటు 104. రెండూ కలిపి సగం చేస్తే 95. "ఐక్యూ 95, సగటు తెలివి" అని ఒక లైను రాసి సంతకం పెడితే మధ్యలో ఉన్న 18 పాయింట్ల తేడా కనబడకుండా పోయింది. పడిపోయినవి పదాలు, సమాచారం. భాషకు అతి దగ్గరగా ఉండేవి ఆ రెండే. ఇప్పుడు సమయం లేదని మాటల భాగం ఒక్కటే, అదీ ఒడియాలో పెట్టి, పదాల్లోనూ సమాచారంలోనూ ఆరేసి పాయింట్లు పోయాయనుకోండి. 504ని ఆరుతో భాగిస్తే 84. నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి (తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కల్లో వెనకబడటానికి) ఐక్యూ 85 దాటాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో షరతు పెట్టారు. అలాంటి గీత ఉన్నచోట, చదవడంలో నిజంగా ఇబ్బంది పడుతున్న పిల్ల 86 నుంచి 84కి తగ్గిన ఆ రెండు పాయింట్లతో కింద పడిపోతుంది. ఏ కొలతలోనైనా నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ ఉండటం సహజం. గీత దగ్గర నిలబడ్డ పిల్లకు భాష ఎంపికే తీర్పు అవుతుంది.

పుట్టినతేదీ దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. బడి రిజిస్టర్లో చేరిక కోసం రాయించిన తేదీ ఉంటుంది. టీకాల కార్డో జనన ధ్రువపత్రమో అడగండి. 2024 నవంబర్ 12న పరీక్ష, పుట్టినది 2016 జూన్ 25 అయితే, రోజులకు ఒక నెల అప్పు తెచ్చి 30 కలుపుకుని, వయసు 8 ఏళ్ల 4 నెలల 17 రోజులు. ఒక ఏడాది తప్పితే పట్టికే మారిపోతుంది. పరీక్షకు ముందు చూపు, వినికిడి సరిచూడాలి. గది బడిగంటకు దూరంగా ఉండాలి, మధ్యాహ్న భోజనం అయిన వెంటనే కూర్చోబెట్టకూడదు. రెండు పూటలుగా విడగొడితే మేలు.

ఐక్యూ ఒక్కటే చాలదు, చదువు పరీక్ష కూడా కావాలి. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ తయారుచేసిన పరీక్షల కట్ట, నిమ్హాన్స్ బ్యాటరీ, రెండు స్థాయుల్లో ఉంది, 5–7 ఏళ్లకు ఒకటి, 8–12 ఏళ్లకు ఒకటి. ఏకాగ్రత, చదవడం, స్పెల్లింగ్, గ్రహింపు, లెక్కలు, చూసి గీయడం వగైరా చూస్తారు. దాని ఇంగ్లీషు స్పెల్లింగులతో పర్లాకిమిడి ఒడియా మీడియం పిల్ల చదువును తూచడం న్యాయం కాదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం, చదవడంలో ఇబ్బందిని (డిస్లెక్సియాను) కనిపెట్టడానికి చేసిన డాలి పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. మరాఠీ మీడియంలో చదివే సిరొంచ, చంద్రపూర్ వైపు తెలుగు పిల్లలకు అది బడి భాషలోనే దొరికింది.

మన వైపు అయితే పాఠ్యపుస్తకంలోంచి ఒడియా పేరా ఒకటి, తెలుగు చదవగలిగితే తెలుగు పేరా ఒకటి చదివించి, రాయించి, తప్పుల్ని రకాలుగా విడదీయడమే దారి. ఇక్కడ రెండు భాషలూ తెలిసినవాళ్లే పనికొస్తారు. ఒడియాలో అకారం 'ఒ'కు దగ్గరగా పలుకుతుంది. ఒడియా మాటను తెలుగు లిపిలో రాస్తూ పిల్ల 'ఘొరొ' అని రాస్తే అది చెవికి వినపడ్డదే, లోపం కాదు. స, శ, ష మూడూ ఒడియా నోట ఒకటే అవుతాయి. తెలుగు 'వ' ఉండాల్సిన చాలాచోట్ల అక్కడ 'బ' వినబడుతుంది. వీటిని తప్పుల లెక్కలోంచి తీసేయండి. ఇ–ఈ, ఉ–ఊ లాంటి హ్రస్వ దీర్ఘాల తేడా ఒడియా ఉచ్చారణలో లేదు, రాతలోనే ఉంది. కాబట్టి ఒడియా రాతలో ఆ తప్పు పిల్లలందరూ చేస్తారు. తెలుగులో 'పలు', 'పాలు' వేర్వేరు మాటలు. తెలుగు బాగా వినే పిల్ల, తెలుగు రాత నేర్పాక కూడా, దీర్ఘాలు పదే పదే వదిలేస్తే అది రాసిపెట్టుకోవాల్సిన తప్పు. ఒత్తులు మారిపోవడం, అక్షరాలు తారుమారవడం, కూడబలుక్కుని చదవడం రెండు భాషల్లోనూ కనిపిస్తే అప్పుడు అభ్యసన వైకల్యాన్ని గట్టిగా అనుమానించాలి. బడి భాషలో మాత్రమే కనిపిస్తే ముందు ఆ భాష నేర్పించాలి.

మిసిక్ పక్కన పెట్టుకోవలసినవి మూడు. రేవెన్ రంగుల మాట్రిసెస్‌లో మూడు భాగాలు, పన్నెండేసి చొప్పున 36 బొమ్మలు. మాట దాదాపు అక్కర్లేదు, అరగంటలోపు అయిపోతుంది. మన పిల్లలకు మొదట పెట్టదగ్గది ఇదే. సెగూన్ ఫార్మ్ బోర్డులో పది చెక్కముక్కలు ఉంటాయి. మూడుసార్లు పెట్టించి, తక్కువ సమయాన్ని తీసుకోవాలి. వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి స్కేలుకు భారతీయ రూపమిచ్చింది కూడా మాలినే. 89 అంశాలు, పిల్లను కాదు తల్లిని అడగాలి. "చేయగలడా" అని అడిగితే అందరూ చేయగలడనే అంటారు, "నిన్న స్నానం ఎవరు చేయించారు" అని అడగండి.

పరీక్ష పెట్టేవారికి భారత పునరావాస మండలి రిజిస్టర్ నెంబరు ఉండాలి. సీఆర్ఆర్ నెంబరు అంటారు, అడగడానికి మొహమాటపడకండి. మూడో తరగతిలోగానీ ఎనిమిదేళ్ల వయసులోగానీ, ఏది ముందైతే అప్పుడు, బడి టీచర్లే వడపోత చేయాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు. ప్రైవేటు రిపోర్టు ఎంత మందంగా ఉన్నా అది ధ్రువపత్రం కాదు, ప్రభుత్వం నిర్ణయించిన వైద్యాధికారుల దగ్గరే అది వస్తుంది.

డబ్బు కట్టి చేయిస్తున్న తల్లిదండ్రులు రిపోర్టులో ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోవాలి: పదకొండు ఉపపరీక్షల టెస్ట్ కోషెంట్లు విడివిడిగా, మాటల భాగం చేతిపనుల భాగం వేర్వేరుగా, ఏ ఉపపరీక్ష ఏ భాషలో పెట్టారో, పెట్టనివి ఏవో, ఎందుకు పెట్టలేదో. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఎన్నేళ్లుగా అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. అది లేకపోతే వెనక్కిచ్చి రాయించుకోండి.