వెనక్కి తిరిగి కూర్చునే ఆ ఒక్క సీటు కోసం

1995 బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ వ్యాగన్, అంటే చివరిదాకా టాప్ ఉండే పొడుగాటి అమెరికన్ ఫ్యామిలీ కారు, మా ఇంట్లో ఏడేళ్ళ నుంచి ఉంది. ఇంజిన్ గురించీ, పక్కల అతికించిన చెక్క డిజైన్ గురించీ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నేను దీన్ని కొన్నది చిట్టచివర వెనక్కి తిరిగి ఉండే ఆ సీటు కోసం, అంతే.

డాలస్ రోడ్ల మీద అందులో కూర్చున్న మా పిల్లలకి వెనక కార్ల వాళ్ళకి చేతులూపడమే పని. నరసరావుపేట నుంచి వచ్చిన మా అత్తగారు కూడా పట్టుబట్టి ఎక్కి, "కోటప్పకొండ తిరనాళ్ళకి ఎడ్లబండి వెనక కాళ్ళు వేలాడేసుకుని పోయినట్టుంది బాబూ" అన్నారు. గ్యాస్ స్టేషన్‌లో ఆగితే చాలు, జుట్టు నెరిసిన అమెరికన్ ఎవరో ఒకరు వచ్చి, చిన్నప్పుడు అన్నదమ్ములతో కలిసి ఆ సీట్లో కొట్టుకున్న కథ చెప్పి గానీ వెళ్ళడు. 1984లో మినీవ్యాన్ వచ్చి, ఆ తర్వాత ఎస్‌యూవీలు వచ్చి జనం ఇలాంటి వ్యాగన్లని మర్చిపోయారు, ఈ మోడల్ కూడా 1996తో ఆగిపోయింది. ఇప్పుడేమో ఆ సీట్లో ఎన్నడూ కూర్చోని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళూ వెతుక్కుంటున్నారు. కొన్న కొత్తలో "శవాల బండి కొన్నావేంట్రా" అని నవ్విన ఫ్రెండే మొన్న అమ్ముతావా అని అడిగాడు.

వెనక అద్దం విడిగా పైకి లేస్తుంది, అది కూడా గొప్ప సౌకర్యమని కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. మూడేళ్ళ క్రితం సత్యనారాయణ వ్రతానికి అరటి చెట్లు తెచ్చేదాకా. ఆ రోజు వెనక సీటు మడిచి, చెట్లు పడుకోబెట్టి, ఆకులు బయటికి వేలాడుతుంటే అద్దం ఎత్తి తాడుతో కట్టేశాను. ఎండకి కిటికీలన్నీ మూసి, లోపలి గాలే తిరిగేలా ఏసీ పెట్టి నలభై నిమిషాలు నడిపాను. సగం దారిలో మా ఆవిడ తలనొప్పి అంటే ఉపవాసం కదా అన్నాను, పెద్దాడు కడుపులో తిప్పుతోందంటే ఫోన్ చూడకు అన్నాను. ఇల్లు చేరేసరికి నాకూ తల తిరుగుతోంది, అరగంట బయట కూర్చుంటే గానీ తేరుకోలేదు. పక్కింటి పెద్దాయన సంగతి విని నిజంగా తిట్టినంత పని చేశాడు. పెట్టెలా ఉన్న బండి ముందుకి పోతుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ ఆ తెరిచిన అద్దంలోంచే లోపలికి వస్తుందట. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. ఇందులో బండి తప్పేం లేదు, పాత వ్యాగన్లు నడిపిన వాళ్ళందరికీ తెలిసిన సంగతే, తెలియనిది నాకే. అప్పటినుంచి ఇంజిన్ ఆన్‌లో ఉంటే వెనక అద్దం తెరవడం లేదు, పొడుగు సామానుంటే టాప్ మీద కడుతున్నాను.

ఇంకోటి, ఆ సీట్లో పిల్లల్ని ఇప్పుడు హైవే ఎక్కించను. వెనకనుంచి ఎవడైనా గుద్దితే మొదట తగిలేది వాళ్ళకే కదా, కొన్నప్పుడు అదెందుకో తట్టలేదు. కాలనీలో తిప్పడం వరకే.

కొనమంటారా అంటే, మాకు ఆఫీసుకి వేరే కారుంది, పద్దెనిమిది అడుగుల బండి పట్టే గ్యారేజ్ ఉంది, ఊళ్ళో గ్యాలన్‌కి 14 మైళ్ళొచ్చినా మా ఆవిడ ఇంకా ఏమీ అనలేదు. ఈ మూడూ లేకపోతే నేనైతే కొనేవాణ్ణి కాదు. పెద్దాడి మోకాళ్ళు ఇప్పుడు ఆ సీట్లో పట్టడం లేదు, చిన్నది మాత్రం ఇంకో రెండేళ్ళు కూర్చుంటుంది. ఆ తర్వాత ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తానేమో, చూడాలి.